పారిస్–రూబే గెలవడం లాటరీ తగలడమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: పారిస్–రూబే సైకిల్ పందెం వీడియోలు చూశారు. రాళ్లు పరిచిన బాట మీద సన్నటి టైర్లతో పడుతూ లేస్తూ పోతున్న మనుషులను చూస్తే, ఎవరి టైరు పగలకపోతే వాళ్లే గెలుస్తారేమో అనిపించింది. ఇందులో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అని అడిగారు. షాక్ అబ్జార్బర్లు ఉన్న సైకిళ్లు ఎందుకు వాడరని, అంత సంపన్న దేశంలో ఆ రోడ్లు ఎందుకు బాగుచేయరని కూడా అడిగారు.

ముందుగా నా అర్హత చెప్పుకుంటాను. నేను రేసర్‌ను కాను. ఉద్యోగం కోసం ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి వచ్చి పదకొండేళ్లయింది. పందెం ముగిసే రూబే పట్టణం మాకు మెట్రోలో వెళ్లేంత దగ్గర. ఇక్కడి ఒక సైకిల్ క్లబ్బులో వారాంతాల్లో చక్రాలు సరిచేస్తుంటాను. ప్రతి ఏటా పందెం రోజున పొలం గట్టున నిలబడతాను. ఒక ఏడాది, అసలు పందానికి ముందురోజు మామూలు జనం కోసం జరిపే సవారీలో 170 కిలోమీటర్లు తొక్కాను కూడా. ఆ రాత్రి ఇంటికి వచ్చాక అన్నం కలుపుకోవడానికి వేళ్లు ముడుచుకోలేదు. చెంచాతో తిన్నాను. ఆ చెంచా కూడా రెండుసార్లు జారిపోయింది.

ఇక అసలు విషయం. ఈ పందెంలో అదృష్టం పాత్ర ఉంది, లేదనేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే. కానీ ఆ అదృష్టం అందరికీ సమంగా దక్కదు. గుంపులో పదో స్థానంలో ఉన్నవాడికి ఒక పాలు దురదృష్టం వస్తే అరవయ్యో స్థానంలో ఉన్నవాడికి ఐదు పాళ్లు వస్తుంది. అందుకే ఈ పందెం రాళ్ల మీద ఎంత జరుగుతుందో, రాళ్లు మొదలవడానికి ముందున్న తారురోడ్డు మీద అంతకంటే ఎక్కువ జరుగుతుంది. టీవీలో ఆ భాగాన్నే చాలామంది టీ పెట్టుకోవడానికి వాడుకుంటారు.

కొలతలు తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. పేరులో పారిస్ ఉన్నా, 1977 నుంచి పందెం మొదలయ్యేది పారిస్‌కు ఉత్తరాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న కంపియేన్ పట్టణంలో. అక్కడి నుంచి రూబేలోని వెలోడ్రోమ్ (సైకిల్ పందేల కోసం కట్టిన గుండ్రటి ట్రాకు) వరకు మొత్తం 260 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ఇందులో రాతిబాట దాదాపు 55 కిలోమీటర్లు. అది ఒకేచోట ఉండదు. 30 వరకు ముక్కలుగా, మధ్యమధ్య తారురోడ్డుతో వస్తుంది. ఈ ముక్కలను సెక్టార్లు అంటారు. వీటికి అంకెలు పెద్దదాని నుంచి ఒకటి వరకు తగ్గుతూ వచ్చేలా వేస్తారు కాబట్టి, ఇంకా ఎన్ని మిగిలాయో రేసర్‌కు బోర్డు చూడగానే తెలుస్తుంది. కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు నక్షత్రాల గుర్తులిస్తారు. ఐదు నక్షత్రాలవి మూడే: ఆరెన్‌బెర్గ్ అడవి, మోన్‌జాన్‌పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర్. తొలి 95 కిలోమీటర్ల వరకు ఒక్క రాయి కూడా తగలదు. అంతా చల్లటి ఏప్రిల్ గాలిలో మామూలు రోడ్డే.

ఇప్పుడు ఆరెన్‌బెర్గ్ దగ్గరికి వద్దాం. ముగింపుకు ఇంకా 95 కిలోమీటర్లు ఉండగా ఇది వస్తుంది. అడవిని చీల్చుకుంటూ తాడు పట్టి గీసినట్టుండే బాట, 2.3 కిలోమీటర్లు. దానికి ముందు ఊరి రోడ్డు వెడల్పుగా ఉంటుంది. లోపల బాట ఇరుకు. గరాటులో ధాన్యం పోసినట్టు నూరుమందికి పైగా మనుషులు ఒకేసారి ఆ మూతిలోకి దూరాలి. తన నాయకుడిని మొదటి పదిమందిలో పెట్టాలని ప్రతి జట్టూ చూస్తుంది. దాంతో ఆ ఊరి రోడ్డు మీద వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. మోచేతులు తగులుతుంటాయి, బ్రేకు నొక్కినవాడు పది స్థానాలు పోగొట్టుకుంటాడు. లోపల ఎవరైనా పడితే, ముందున్న పదిమందికి అది వెనక వినిపించే చప్పుడు మాత్రమే. వెనకున్నవాళ్లకు అది దారికి అడ్డంగా లేచిన గోడ. అక్కడ కాలు కింద పెట్టి, మళ్లీ ఎక్కి, రాళ్ల మీద సున్నా నుంచి వేగం అందుకోవడానికి అయ్యే శ్రమ అంతా ఇంతా కాదు. ఈ తోపులాట మితిమీరిందని రేసర్ల సంఘమే అడగడంతో, 2024లో అడవి మొదట్లో వేగం తగ్గడానికి ఒక గట్టి మలుపు పెట్టారు. అదీ ప్రమాదమేనని కొందరు రేసర్లు వెక్కిరించారు. నాకు మాత్రం ఆ మలుపు తెలివైన పనిగానే తోచింది. 60 వేగంతో తడి రాళ్ల మీదికి దూకించడంలో ఏ గొప్పా లేదు.

ఆ రాళ్ల గురించి కూడా చెప్పాలి. మన పాత కోటల్లో, గుడి ప్రాకారాల్లో కనిపించే చదునైన బండలను ఊహించుకోకండి. ఒక్కో రాయి రెండు చేతులతో ఎత్తాల్సినంత దిమ్మ. పై ముఖం రొట్టె పైభాగంలా గుండ్రంగా అరిగి ఉంటుంది. రాయికీ రాయికీ మధ్య వేలు పట్టే సందు, కొన్నిచోట్ల చెయ్యి పట్టేంత. బాట మధ్యలో చేప వీపులా ఎత్తుగా ఉండి రెండు పక్కలకూ వాలుతుంది. ట్రాక్టర్లు ఏళ్ల తరబడి తిరగడంతో వాటి చక్రాలు పోయే చోట కుంగిపోయి, నడిమి భాగం ఇంకా పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఎండగా ఉంటే ఆ నడిమి వీపు మీదే తొక్కాలి. తడిస్తే అదే సబ్బులా జారుతుంది. అప్పుడు అంచున ఉన్న మట్టిలోకి దిగుదామనిపిస్తుంది. ఆ మట్టిలో గుంట ఎక్కడుందో, విరిగిన రాయి మొన ఎక్కడుందో కనిపించదు. టైర్లు ఎక్కువగా కోసుకుపోయేది అక్కడే.

ఇసుక దారిలో స్కూటర్ నడిపినవాళ్లకు ఒక కిటుకు తెలిసే ఉంటుంది. హ్యాండిల్‌తో కుస్తీ పడితే పడిపోతాం, వదులుగా పట్టుకుని బండిని దాని మానాన పోనిస్తే దాటేస్తాం. ఇక్కడా అంతే. నేను తొక్కిన రోజు మొదటి సెక్టార్‌లోనే భయపడి హ్యాండిల్‌ను పిడికిలితో బిగించాను. నూరు గజాలు పోయేసరికి మోచేతుల్లోంచి దడ భుజాలకు ఎక్కింది, కళ్ల ముందు బాట రెండుగా కనిపించింది, నీళ్ల సీసా ఎగిరి పొలంలో పడింది. అరచేతుల్లో బొబ్బలు లేచి, మధ్యాహ్నానికి పగిలాయి. మా క్లబ్బు పెద్దాయన ఒకరు ముందే చెప్పారు, నేనే వినలేదు: "పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో, ఎగిరిపోకూడదు, నలగకూడదు." సైకిల్ కింద తన ఇష్టానికి గెంతుతుంటుంది. పైన మనిషి పెద్ద గేరు వేసి, సీటు మీదే కూర్చుని, పెడల్ మీద ఒత్తిడి ఎక్కడా తెగకుండా తొక్కుతూ పోవాలి. ఒత్తిడి తెగితే చైను గెంతుతుంది, వెనక చక్రం పట్టు వదులుతుంది. నెమ్మదిగా పోతే భద్రమనిపిస్తుంది కానీ, నెమ్మదిగా పోయే చక్రం ప్రతి సందులోనూ దిగి లేస్తుంది. వేగంగా పోయేది ఒక రాయి నెత్తి మీంచి ఇంకో రాయి నెత్తి మీదికి దాటిపోతుంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదని మనవాళ్లు అన్నది ఇలాంటి చోటికి సరిగ్గా సరిపోతుంది.

ఇది నేర్చుకోదగ్గ విద్య కాబట్టే, గెలిచినవాళ్ల జాబితాలో అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. బెల్జియం రేసర్ రోజర్ డి వ్లామింక్ 1972, 1974, 1975, 1977లలో గెలిచాడు. ఇవి కాక నాలుగుసార్లు రెండో స్థానం. లాటరీ ఒకే మనిషికి ఇన్నిసార్లు తగలదు. టామ్ బోనెన్‌వీ నాలుగు గెలుపులే. వరుసగా మూడేళ్లు గెలిచినవాళ్లు ఓక్టావ్ లాపీజ్ (1909–11), ఫ్రాన్సెస్కో మోజర్ (1978–80), ఆ తర్వాత మాత్యూ వాన్ డెర్ పూల్ (2023–25). డి వ్లామింక్, వాన్ డెర్ పూల్ ఇద్దరూ సైక్లోక్రాస్‌లో ప్రపంచ చాంపియన్లు. చలికాలంలో బురదలో, ఇసుకలో జారుతూ తొక్కే ఆ ఆటలో చిన్నప్పటి నుంచి పెరిగినవాళ్లకు సైకిల్ కింద జారడం కొత్త కాదు. మనం భయపడి బిగుసుకుపోయే క్షణంలో వాళ్లు వదులవుతారు.

నిజంగా అదృష్టం దెబ్బకొట్టిన సందర్భాలు లేకపోలేదు. 2023లో కార్ఫూర్ ద లార్బ్ర్ మీద, ముగింపుకు 20 కిలోమీటర్లయినా లేనిచోట, బెల్జియం రేసర్ వౌట్ వాన్ ఆర్ట్, వాన్ డెర్ పూల్ ఇద్దరే ముందుకు దూసుకుపోయారు. ఆ సెక్టార్ చివర్లో వాన్ ఆర్ట్ టైరు పోయింది. పందెం అక్కడే తేలిపోయింది, ఆయన మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2006లో జార్జ్ హిన్‌కాపీ ముందు గుంపులో ఉండగా హ్యాండిల్‌ను పట్టి ఉంచే గొట్టం విరిగి, హ్యాండిల్ చేతిలోకి వచ్చేసింది. అన్నింటికంటే ఘోరం యోహాన్ మ్యూసీయూది. 1998లో ఆరెన్‌బెర్గ్‌లో పడి మోకాలిచిప్ప చితికింది. గాయం కుళ్లి కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంతవరకు వెళ్లింది. రెండేళ్ల తర్వాత, 2000లో అదే మనిషి ఒంటరిగా వెలోడ్రోమ్‌లోకి వచ్చి, గీత దాటుతూ ఆ మోకాలిని వేలితో చూపించాడు. ఆ వీడియో చూడకపోతే తప్పక చూడండి.

దీనికి ఎదురు ఉదాహరణ ఆస్ట్రేలియా రేసర్ మాథ్యూ హేమన్. 2016లో పందానికి ఆరు వారాల ముందు చెయ్యి విరిగింది. ఇంట్లోనే స్టాండు మీద సైకిల్ పెట్టుకుని సాధన చేశాడు. పందెం రోజున తొలి గంటల్లోనే గుంపును వదిలి ముందుకు పోయిన కొద్దిమందిలో చేరాడు. దానివల్ల ఆరెన్‌బెర్గ్ తోపులాట ఆయనకు తగల్లేదు. వెనక నుంచి మహామహులు వచ్చి కలుసుకునేసరికి ఆయన కాళ్లలో ఇంకా బలం మిగిలే ఉంది. చివరికి వెలోడ్రోమ్‌లో బోనెన్‌ను ఓడించాడు, అప్పటికి ఆయనకు 38 నిండటానికి కొన్ని రోజులే తక్కువ. పత్రికలు దాన్ని అద్భుతమని రాశాయి. నేనైతే ముందుండటం అనే సూత్రాన్ని ఒక గాయపడ్డ మనిషి ఎంత చక్కగా వాడుకున్నాడో అనుకుంటాను.

మహిళల పందెం చరిత్ర కూడా ఈ సూత్రంతోనే మొదలైంది. మగవాళ్ల పందెం 1896లో మొదలైతే, మహిళలకు అవకాశం ఇవ్వడానికి 2021 వరకు ఆగారు. ఆ ఆలస్యానికి సాకులేవీ నాకు నచ్చలేదు. తొలి పందెం దెనాన్ పట్టణం నుంచి 116 కిలోమీటర్లు. బ్రిటన్ రేసర్ లిజ్జీ డైగ్నన్ పని నిజానికి తన జట్టు నాయకురాళ్లకు అండగా మొదటి రాళ్లలోకి ముందుగా వెళ్లడం. వెళ్లింది. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. అక్కడి నుంచి 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. చేతులకు గ్లోవ్స్ లేవు. ఆమె సైకిల్ హ్యాండిల్‌కు చుట్టిన తెల్ల పట్టీ మీద రక్తపు మరకల ఫోటో ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంది.

షాక్ అబ్జార్బర్ల సంగతి. వాడారు, వాడి గెలిచారు కూడా. జిల్బేర్ ద్యుక్లో-లసాల్ 1992లో, 1993లో ముందు ఫోర్కులో స్ప్రింగు పనిచేసే సైకిల్ మీదే గెలిచాడు. 1994లో ఆంద్రే చ్మిల్ గెలుపూ అలాంటి సైకిల్ మీదే. తర్వాత ఎందుకు మానేశారంటే, లెక్క కుదరలేదు. రాళ్లు 55 కిలోమీటర్లయితే తారురోడ్డు 200 కిలోమీటర్ల పైమాట. ఆ 200 కిలోమీటర్లూ అదనపు బరువు మోయాలి. లేచి తొక్కినప్పుడల్లా స్ప్రింగు కొంత శక్తిని మింగుతుంది. ఈలోగా ఆ పనిని టైరే చేయడం నేర్చుకుంది. ఒకప్పుడు మామూలు రోడ్డు పందేలకు 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గట్టిగా గాలి కొట్టేవారు. ఇప్పుడు ఇక్కడ వాడేవి 30, 32 మిల్లీమీటర్లవి. లోపల ట్యూబు ఉండదు. చిన్న చిల్లు పడితే తనంతట తానే పూడ్చుకునే ద్రవం ఉంటుంది. గాలి పాతకాలం దానిలో సగం కూడా ఉండదు. మా క్లబ్బుకు వచ్చే కుర్రవాళ్లు గాలి ఎక్కువుంటే వేగం ఎక్కువని ఇంకా నమ్ముతారు. రాళ్ల మీద అది తలకిందులు. గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరి, ముందుకు పోవాల్సిన శక్తిని పైకి పారబోస్తుంది. మరీ తగ్గిస్తే రాయి తిన్నగా రిమ్ముకే తగులుతుంది. ఆ రెండింటి మధ్య సరైన చోటు మనిషి బరువును బట్టి, వానను బట్టి మారుతుంది. పందెం ముందురోజు రాత్రి మెకానిక్కులను నిద్రపోనివ్వనిది అదే.

టైరు పోతే ఏమవుతుందని కూడా మీకు సందేహం వచ్చి ఉండాలి. జట్ల కార్లు గుంపు వెనక ఇరుకు బాటలో ఇరుక్కుపోతాయి. అందుకని ప్రతి సెక్టార్ చివరా జట్టు మనుషులు చేతిలో చక్రాలు, సీసాలు పట్టుకుని నిలబడతారు. నిరుడు నా పక్కన అలా నిలబడ్డ ఒకాయన మూడు గంటలు ఎండలో రెండు చక్రాలు భుజాన వేసుకుని ఎదురుచూశాడు. ఆయన జట్టు రేసర్లు ఐదుగురూ చేయి ఊపి వెళ్లిపోయారు. ఆయన ముఖంలో ఆనందమో నిరాశో నాకు తెలియలేదు.

ఇక రోడ్లు ఎందుకు బాగుచేయరు? బాగుచేస్తూనే ఉన్నారు, రాళ్లు పోకుండా. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ ప్రాంతంలో రాతిబాటలకు వేగంగా తారు పడింది. తమ ఊళ్లోని పాత బాట టీవీలో కనిపిస్తే పరువుతక్కువని మేయర్లు భావించారు. 1960ల మధ్యకు పందెంలో రాళ్లు 20 కిలోమీటర్ల పైచిలుకుకు పడిపోయాయి. నిర్వాహకులు ఊరూరా తిరిగి పొలాల మధ్య మిగిలిన బాటలను వెతికారు. ఆరెన్‌బెర్గ్‌ను చూపించింది మాజీ ప్రపంచ చాంపియన్ జాన్ స్తాబ్లిన్‌స్కీ. కుర్రతనంలో ఆయన ఆ అడవి కింది బొగ్గుగనిలోనే పనిచేశాడు. ఆ బాట కిందా పైనా రెండు చోట్లా చెమటోడ్చినవాడు ఆయన. 1968లో అది పందెంలోకి వచ్చింది. ఆ ఏడాది గెలిచింది ఎడ్డీ మెర్క్స్. తర్వాత అభిమానులే ఒక సంఘంగా ఏర్పడి, ఊడిన రాళ్లను తిరిగి పేర్చడం, బురద తోడడం మొదలుపెట్టారు. వీళ్ల పేరు 'పారిస్–రూబే మిత్రులు'. మోకాళ్ల మీద కూర్చుని, ఇసుక పరిచి, సుత్తితో ఒక్కో దిమ్మనూ తట్టి కూర్చోబెడతారు. ఇటీవల ఆరెన్‌బెర్గ్ రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డిని మేకలను తోలి మేపిస్తున్నారు. విజేతకు ఇచ్చే బహుమతి కూడా పీఠం మీద నిలబెట్టిన అలాంటి రాయే. ఆ ముచ్చటతోనేమో, బాటలోంచి రాళ్లు పెకలించుకుపోయే ప్రబుద్ధులు కూడా ఉన్నారు. మీరు వస్తే దయచేసి ఆ పని చేయకండి. ఆ సందు మరుసటి వానకు గుంట అవుతుంది.

ఈ పందానికున్న 'ఉత్తరాది నరకం' అనే పేరు రాళ్లను చూసి పెట్టిందని చాలాచోట్ల రాస్తారు. అది పొరపాటు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919 పందానికి దారి ఎలా ఉందో చూడటానికి నిర్వాహకులు, విలేకరులు బయలుదేరారు. దారి పొడవునా ఫిరంగి గుంతలు, మొండి చెట్లు, కూలిన ఊళ్లు. ఆ దృశ్యానికి పెట్టిన పేరది. వరుసగా మూడుసార్లు గెలిచిన లాపీజ్ యుద్ధ విమానం నడుపుతూ 1917లో చనిపోయాడు. 1913 విజేత ఫ్రాన్సువా ఫాబెర్ 1915లో యుద్ధభూమిలో పోయాడు.

వచ్చే ఏప్రిల్‌లో చూడదలిస్తే, ముగింపుకు 100 కిలోమీటర్లు ఉండగానే టీవీ ముందు కూర్చోండి. ఆరెన్‌బెర్గ్‌కు ముందున్న తారురోడ్డు మీద ఎవరి జట్టు ఎక్కడుందో గమనించండి. పేర్లు గుర్తుపట్టలేకపోయినా చొక్కా రంగు చాలు. అడవిలోంచి మొదట బయటికి వచ్చిన పదిహేనుమందిని ఒక కాగితం మీద రాసుకుని, చివర్లో సరిచూసుకోండి. అదృష్టం ఎంతో మీరే లెక్క కట్టవచ్చు. స్వయంగా వస్తే ఆరెన్‌బెర్గ్‌కు పోకండి, జనంలో తలలే కనిపిస్తాయి. మోన్‌జాన్‌పెవెల్ పొలాల్లో నిలబడండి. బూట్లు పాతవి వేసుకోండి, చక్కెరదుంప చేల మట్టి వదలదు.

వెలోడ్రోమ్‌లో విజేత వచ్చాక కూడా కెమెరాను వదలకండి. ఒకటిన్నర చుట్టు తిరిగి ఒక్కొక్కరే మధ్యలోని గడ్డి మీద కూలబడతారు. కళ్ల చుట్టూ తెల్లటి వలయం తప్ప ముఖమంతా దుమ్ము. పక్కనే పాత స్నానాల గదులున్నాయి. నడుము ఎత్తు సిమెంటు గోడలతో పశువుల కొట్టాల్లా కనిపించే చిన్న చిన్న అరలు, ఒక్కో అరకూ ఒక్కో పాత విజేత పేరుతో ఇత్తడి పలక. ఈ రోజుల్లో రేసర్లలో ఎక్కువమంది జట్టు బస్సులోనే స్నానం చేస్తారు. కొందరు మాత్రం ఇప్పటికీ నీళ్లు వదిలే ఆ పాత గొలుసు లాగడానికే లోపలికి వెళతారు.